వేదిక మీద ఏడిపించొద్దు, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి

పోయిన నెల ఈ పేజీలో పిల్లల మీద జరిగే లైంగిక దోపిడీ గురించి రాస్తూ, చిన్నప్పుడు ఆ బాధ పడి బయటికి వచ్చినవాళ్లని అడగకుండా ఎవరూ కమిటీలు వేయకూడదు, రూల్స్ రాయకూడదు అని ఒక మాట అన్నాను. ఆ ఒక్క మాట మీదే చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు, ఊర్లు వేయడం లేదు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నేను ఒక జూనియర్ కాలేజీలో ఎన్ఎస్ఎస్ చూసుకుంటాను. బాలల దినోత్సవం వారంలో పిల్లలపై లైంగిక వేధింపుల మీద సభ పెడుతున్నాం. డీఎస్పీ గారు, ఒక లాయరు గారు వస్తున్నారు. తెలిసిన సంస్థ ద్వారా 22 ఏళ్ల అమ్మాయిని పిలిపించి తన కథ చెప్పిద్దామనుకుంటున్నాం. పిల్లల మనసుకి హత్తుకుంటుంది కదా. ముఖానికి స్కార్ఫ్ కట్టిస్తాం. ఇంకా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక లెక్చరర్

జవాబు: మీ ఉద్దేశం మీద నాకు అనుమానం లేదండీ. కానీ ఆ అమ్మాయిని ఆ రోజు, ఆ స్టేజీ మీదకి, కథ చెప్పడం కోసం పిలవొద్దనే చెప్తాను. ఇదే తప్పు నేను చేశాను కాబట్టి చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట మేం ఒక సభ పెట్టి, అప్పుడే 20 నిండిన ఒక అమ్మాయిని బతిమాలి ఒప్పించాం. చున్నీ కట్టుకునే మాట్లాడింది. హాల్లో అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం, ఆటో ఎక్కించి పంపేశాం. ఎవరో ఫోన్లో తీసిన రెండు నిమిషాల వీడియో వారం తిరక్కుండానే వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపుకి చేరింది. ముఖం కనపడలేదు, కానీ గొంతు ఆమెదే, చేతి మీద పచ్చబొట్టు ఆమెదే, ఊళ్లోవాళ్లకి అంతకంటే ఏం కావాలి. బట్టల షాపులో ఉద్యోగం మానేసి వేరే చోటికి వెళ్లిపోయింది. ఫోన్ చేసి క్షమించమని అడిగితే, ఏం చెప్పాలో మీరే చెప్పారు గానీ నేనేం చెప్పాలనుకుంటున్నానో అడగలేదు కదా మేడమ్ అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

స్కార్ఫ్ ఎందుకు చాలదో దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ హాల్లో ప్రతి పిల్లాడి జేబులో ఫోన్ ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53.22 శాతం మంది చెప్పారు. ఎక్కువగా బయటపడ్డ నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే మీరు బయటి నుంచి ఒక బాధితురాలిని తీసుకొస్తున్నామనుకుంటున్నారు గానీ, మీ హాల్లో బెంచీల మీద ఇప్పటికే చాలామంది కూర్చుని ఉంటారు. స్టేజీ మీద ఆ అమ్మాయి తనకి జరిగింది జరిగినట్టు చెప్తుంటే వీళ్లలో ఎవరికి గుండె దడ మొదలవుతుందో, ఎవరు బాత్రూమ్‌కి పరిగెడతారో, ఆ పూట ఇంటికెళ్లి ఎవరు అన్నం తినరో మీకు తెలియదు. సభ అయిపోయాక వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏ గదికి? అది ముందు తేల్చుకోండి.

నన్నడిగితే ఆ అమ్మాయిని సభకి నెల ముందు పిలవండి. మీరు, మీ ప్రిన్సిపాల్ గారు కూర్చుని మాట్లాడే చోట ఆమెకీ కుర్చీ వేయండి. నీకేం జరిగిందమ్మా అని అడగొద్దు, అది ఆమె సొంతం. ఆ రోజుల్లో నీ చుట్టూ ఉన్న టీచర్లు ఏం చేసి ఉంటే నువ్వు నోరు విప్పేదానివి, మా సభలో నీకు ఏది నచ్చలేదు, ఏది తీసేయాలి అని అడగండి. యూనిఫాంలో డీఎస్పీ గారు స్టేజీ మీద కూర్చుంటే పిల్లలు చేయి ఎత్తరని ఆమె చెప్పొచ్చు. ఫిర్యాదుల పెట్టె ప్రిన్సిపాల్ గది ఎదురుగా పెడితే అందులో ఒక్క చీటీ కూడా పడదని చెప్పొచ్చు. ఆడపిల్లలకి ఎలా ఉండాలో చెప్పడం ఆపి, ట్యూషన్ పేరుతో ఒంటరిగా పిలిచే పెద్దవాళ్ల మీద కన్నేయమని చెప్పొచ్చు. ఆమె చెప్పింది మీ ఏర్పాట్లలో కనపడాలి. విని, తలూపి, మీరు ముందే అనుకున్నదే చేస్తే అది అడిగినట్టు కాదు.

లాయరు గారికి ఎంత గౌరవ పారితోషికం ఇస్తున్నారో ఆమెకీ అంతే ఇవ్వండి. బస్సు చార్జీలు, ఆ రోజు పోయే కూలి డబ్బులు అడగకముందే ఇవ్వండి. తోడుగా ఎవరిని తెచ్చుకుంటుందో ఆమె ఇష్టం. ఫ్లెక్సీ మీద పేరు, గ్రూపులో ఫొటో వద్దు. ఆఖరి గంటలో రాలేనని ఫోన్ చేస్తే ఎందుకని అడక్కండి.

బయటపడ్డవాళ్ల మాట అంటే ఏడుపు కథ అనే మన అలవాటు ఎంత తప్పో చెప్పడానికి మన హైదరాబాద్‌లోనే రుజువు ఉంది. సునీతా కృష్ణన్ గారు 15 ఏళ్ల వయసులో తన మీద జరిగిన సామూహిక అత్యాచారం గురించి తానుగా, తన ఇష్టంతో లోకానికి చెప్పారు. కానీ ఆమె చేసింది అది చెప్పడం ఒక్కటే కాదు. 1996లో మెహబూబ్ కీ మెహందీ అనే చోట వ్యభిచార గృహాలు ఖాళీ చేయించినప్పుడు, రోడ్డున పడ్డ ఆ ఆడవాళ్ల పిల్లల కోసం బడి మొదలుపెట్టారు. అలా పుట్టింది ప్రజ్వల. 2015లో అత్యాచారం వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయని ఆ సంస్థ సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే కోర్టు దాన్ని కేసుగా తీసుకుంది. ఆ కేసు నడుస్తుండగానే, పిల్లల లైంగిక వీడియోల మీద మన పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ 2018లో వచ్చింది. అనుభవించిన మనిషికి పని చేసే చోటు దొరికితే ఏమవుతుందో చూడండి. పేరున్న ఒక్కరే కాదు. ట్రాఫికింగ్, అంటే మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడ్డ మన తెలుగు ఆడవాళ్లు విముక్తి అని సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాలన్నీ కలిసి 2019లో ఇల్ఫాట్ అనే దేశవ్యాప్త వేదికగా ఏర్పడ్డాయి. మమ్మల్ని హోముల్లో పెట్టి తాళం వేయడమే పునరావాసం అనుకోకండి, మా ఊళ్లో మేం బతికేలా సాయం చేయండి, పరిహారం ఇప్పించండి అని చట్టం రాసేవాళ్లనే అడుగుతున్నారు.

ఇక చట్టం సంగతి. సభ తర్వాత ఏ విద్యార్థి అయినా మీకు వచ్చి చెప్తే, 18 ఏళ్ల లోపు అయితే, పిల్లలపై లైంగిక నేరాల కోసం వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం మీరు పోలీసులకి తెలియజేసి తీరాలి. దాస్తే 6 నెలల వరకు జైలు, సంస్థ బాధ్యుడైతే ఏడాది వరకు. ఈ సంగతి ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టకముందే ఆ పిల్లకి చెప్పాలి. ఎవరికీ చెప్పనని ఒట్టేసి, విన్నాక పోలీసులకి ఫోన్ చేస్తే మళ్లీ జన్మలో ఆ పిల్ల ఏ పెద్దమనిషినీ నమ్మదు.

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మ వైపు దగ్గరి బంధువు ఒకాయన నాతో చేసింది ఇప్పటిదాకా మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల భద్రత కమిటీ వేశారు, నన్నూ అందులో వేశారు. మీటింగులో వాళ్లు వాచ్‌మన్ల గురించి, లిఫ్టు కెమెరాల గురించి మాట్లాడుతుంటే నాకు అరవాలనిపిస్తుంది. చెప్పేయాలనుంది. మా ఆయన, నీ సంగతి చెప్పకుండా కూడా చెప్పొచ్చు కదా అంటున్నారు. నేను పిరికిదాన్నా? ఇంకో మాట, ఆ మనిషి ఇప్పటికీ పెళ్లిళ్లకి వస్తాడు, ఆ ఇంట్లో ఇప్పుడు చిన్నపిల్లలున్నారు. ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, మొదట ఆఖరి ముక్కకి జవాబు చెప్తాను, ఎందుకంటే అందులో వేరే పిల్లలున్నారు.

ఆ ఇంట్లో పిల్లలకి ప్రమాదం ఉందని మీకు నిజంగా భయం ఉంటే ఆగకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పొచ్చు. నేరం జరిగాకే కాదు, జరిగే అవకాశం ఉందని భయం ఉన్నా చెప్పమనే పోక్సో చట్టం అంటుంది. ఆ పిల్లల తల్లి మీకు దగ్గరైతే ఆమెతో ఒక్కసారి విడిగా మాట్లాడండి, మీ కథంతా చెప్పక్కర్లేదు, పిల్లల్ని ఆయన దగ్గర ఒంటరిగా వదలకు అన్నా చాలు, ఆమెకి అర్థమవుతుంది. కొన్నిసార్లు ఆమెకి ముందే అనుమానం ఉంటుంది, ఇంకో మనిషి నోట వినడం కోసం చూస్తుంటుంది.

మీ కేసు సంగతి. పోక్సో 2012 నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చింది, మీకు జరిగింది అంతకు ముందు, కాబట్టి అప్పటి ఐపీసీ ప్రకారమే చూస్తారు. అత్యాచారం లాంటి పెద్ద నేరాలకి గడువు లేదు. చిన్న శిక్ష పడే సెక్షన్లకి మాత్రం గడువు ఉంది, ఆలస్యాన్ని మన్నించాలా లేదా అనేది కోర్టు ఇష్టం. ఏ సెక్షన్ అవుతుందో తెలియాలంటే జరిగింది లాయరుకి చెప్పాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఉచితంగా లాయరుని ఇస్తారు. అక్కడికి వెళ్లి అడిగినంత మాత్రాన కేసు పెట్టాలని లేదు, తెలుసుకుని వచ్చేయొచ్చు.

ఇన్నేళ్ల తర్వాతా అని మిమ్మల్ని మీరు కోసుకోకండి. ఆస్ట్రేలియాలో సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక వేధింపుల మీద 2013 నుంచి 2017 దాకా రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ సంఘం కూర్చుంది. 8,000 మందికి పైగా మనుషులు ఆ కమిషనర్ల ఎదుట ఒక్కొక్కరుగా, తలుపులు వేసుకుని, తమ మాట చెప్పుకున్నారు. వాళ్లు మొదటిసారి ఎవరికైనా చెప్పడానికి సగటున పట్టిన కాలం దాదాపు 24 ఏళ్లు. మీది 27. వాళ్లు చెప్పినవి విన్నాకే ఆ దేశం పరిహార పథకం పెట్టింది, 2018లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆలస్యంగా చెప్పారు కాబట్టి అబద్ధం అని కొట్టిపారేయడానికి లేకపోయింది. ఎందుకంటే చాలామంది ఆలస్యంగానే చెప్పారు.

మన దేశంలో కూడా ఇలాంటి ఒక మార్పు ఒక మహిళ పట్టుబట్టడం వల్లే వచ్చింది. కెనడాలో స్థిరపడ్డ శాస్త్రవేత్త పూర్ణిమా గోవిందరాజులు గారు, చిన్నప్పుడు చెన్నైలో బంధువు చేతిలో తనకి జరిగిన దాని మీద పెద్దయ్యాక ఫిర్యాదు చేయబోతే కాలం దాటిపోయిందన్నారు. ఆవిడ ఊరుకోకుండా సంతకాలు సేకరించి, అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీని కలిశారు. పోక్సో నేరాల మీద ఫిర్యాదు చేయడానికి వయసు, గడువు అడ్డు కాదని 2018 అక్టోబర్‌లో న్యాయశాఖ స్పష్టం చేసింది. అంతకు ముందు ఎంతమంది అధికారులు ఆ చట్టం చదివి ఉంటారు? గడువు గురించి అడగాలని తట్టింది మాత్రం ఆ తలుపు తన ముఖం మీద మూసుకుపోయిన మనిషికి.

ఇప్పుడు కమిటీ. మీ ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది, అది పిరికితనం కాదు. మీ గతం చెప్పకుండానే మీకు తెలిసింది మీరు ఆ కమిటీ చేత చేయించొచ్చు. వాచ్‌మన్లు, కెమెరాలు సరే, ఇంటికొచ్చే చుట్టాలు, ట్యూషన్ మాస్టర్లు, ఫ్రెండ్స్ ఇళ్లలో రాత్రి పడుకోవడం, వీటి గురించి ఎప్పుడు మాట్లాడదాం అని అడగండి. ఇందాక చెప్పిన 2007 అధ్యయనంలోనే వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ఆ ఒక్క లెక్క ముందు పెట్టండి చాలు. మీకెలా తెలుసు అని ఎవరైనా అడిగితే చదివాను అనండి. అది అబద్ధం కాదు, ఇప్పుడే చదివారు.

చెప్పాలనే అనిపిస్తే మాత్రం మీ ఇష్టం, మీ ఒక్కరి ఇష్టం. మీరు పెద్దవారు కాబట్టి మీ పేరుతో మీరు బయటికి రావడాన్ని చట్టం ఆపదు. కేసు నడిచినా నడవకపోయినా మీ పేరు మీరు ఒప్పుకోకుండా పేపర్లోనో, గ్రూపుల్లోనో వేసేవాళ్లకి మాత్రం శిక్ష ఉంది. అత్యాచారం నేరాలకి ఇదివరకు ఐపీసీ 228ఎ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. చెప్పేముందు ఒక్క పని చేయండి. చెప్పిన మర్నాడు పొద్దున మీ పక్కన ఎవరుండాలో ముందే ఏర్పాటు చేసుకోండి. చెప్పేటప్పుడు ధైర్యం ఉంటుంది, చెప్పాక వచ్చే ఆ మొదటి పొద్దునే కష్టం.

ప్రశ్న: మా పాప కేసు కోర్టులో ఉంది. పదమూడేళ్లు. అందరూ పాపని మర్చిపోమనే చెప్తున్నారు. పోలీసులు నాతో మాట్లాడతారు, లాయరు నాతో మాట్లాడతాడు, మా అత్తగారు రాజీ పడమంటారు. మా పాప ఒకరోజు, అమ్మా ఇది నా కేసా మీ కేసా అని అడిగింది. ఏం చెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: మీ పాప అడిగింది చట్టం చెప్పిన మాటేనమ్మా. 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. పిల్లలకి సంబంధించిన ఏ నిర్ణయంలోనైనా వాళ్ల మాట చెప్పుకునే హక్కు, దానికి విలువ ఇచ్చే బాధ్యత. మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో కూడా ఇదే సూత్రం ఉంది. కాబట్టి ఇది నీ కేసే తల్లీ, నేను నీ పక్కన నడుస్తాను అని చెప్పండి.

మాట చెప్పి ఊరుకోకుండా చేయాల్సినవి ఉన్నాయి. పోక్సో 2020 నియమాల ప్రకారం బాలల సంక్షేమ సమితి మీ పాపకి ఒక సపోర్ట్ పర్సన్‌ని ఇవ్వాలి. పాపా మీరూ ఒప్పుకుంటేనే. నచ్చకపోతే మార్చమనొచ్చు. కేసు ఎక్కడిదాకా వచ్చింది, వచ్చే వాయిదాలో ఏం జరుగుతుంది, ఆ గదిలో ఎవరెక్కడ కూర్చుంటారు, ఇదంతా పాపకి అర్థమయ్యేలా చెప్పడం ఆ మనిషి పని. మీకింకా ఎవరినీ ఇవ్వలేదంటే ఈ వారమే సమితికి ఒక కాగితం రాసి ఇవ్వండి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.

కోర్టులో పాప నిందితుడి ముఖం చూడక్కర్లేదు. తెర గానీ, వీడియో గానీ పెట్టాలి, అది పోక్సో 36వ సెక్షన్. వాడి లాయరు పాపని నేరుగా గద్దించి అడగకూడదు, ప్రశ్న జడ్జి గారికి ఇస్తే ఆయన అడుగుతారు. నడవడిక మీద మాట అనకూడదు. మధ్యలో మంచినీళ్లకి, బాత్రూమ్‌కి, ఊపిరి తీసుకోవడానికి విరామం అడగొచ్చు. పాప నమ్మిన మనిషి ఒకరు లోపల ఉండొచ్చు, అది మీరే కావాలని లేదు. పిన్ని కావాలంటే పిన్ని, టీచరు కావాలంటే టీచరు. ఇక్కడ మీకు కొంచెం మనసు నొచ్చుకోవచ్చు. చాలామంది పిల్లలు అమ్మ ఎదుట అన్నీ చెప్పలేరు, ప్రేమ లేక కాదు, అమ్మ ఏడుస్తుందని. ఎవరు కావాలి అని పాపనే అడగండి, ఏ పేరు చెప్పినా సరేననండి.

హైదరాబాద్‌లో 2016లో భరోసా కేంద్రం పెట్టాక వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్, లాయరు సాయం ఒకేచోట దొరకడం మొదలైంది. ఆ తర్వాత తెలంగాణలో వేరే జిల్లాలకీ వచ్చింది. మీ జిల్లాలో భరోసా లేకపోతే సఖి కేంద్రం ఉంటుంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే చెప్తారు. కేసు తేలకముందే మధ్యంతర పరిహారం ఇమ్మని కోర్టుని అడిగే హక్కు ఉంది. పాప చదువు ఆగకుండా ఉండటానికి ఆ డబ్బు పనికొస్తుంది.

రాజీ సంగతి మీ అత్తగారికి గట్టిగా చెప్పేయండి. ఈ కేసుల్లో పెద్దమనుషుల రాజీకి చట్టంలో చోటు లేదు. ఇక మర్చిపో అనే మాట. పాప మర్చిపోలేదు కాబట్టి, ఆ మాట పాప చెవికి మా ముందు ఈ సంగతి ఎత్తకు అన్నట్టు వినపడుతుంది. ఈరోజు దీని గురించి మాట్లాడదామా, సినిమా చూద్దామా అని అడిగి చూడండి. చాలా రోజులు సినిమానే అంటుంది. అననివ్వండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుణ్ని. మీరు రాసేవి చదువుతాను. కానీ పాత గాయాలు కెలకడం వల్ల ఆ పిల్లలకేం మేలు? రేపు పెళ్లి సంబంధాలు రావాలి. కడుపులో దాచుకుని ముందుకు పోవడం కూడా ఒక బలమే కదా.

జవాబు: మాస్టారూ, పెద్దవారు మీరు, మీ మాటలో ఆ పిల్లల మీద జాలి ఉంది, అది నాకు కనపడుతూనే ఉంది. దాచుకోవాలనుకునేవాళ్లని దాచుకోనివ్వాలి, అందులో మనకేం పేచీ లేదు. మాట్లాడమని బలవంతం చేయడమూ దౌర్జన్యమే. కానీ దాచుకోమని చెప్పేది ఎవరు అన్నదే ప్రశ్న. మనం దాచమన్న ప్రతిసారీ నష్టపోయింది ఇంకో పిల్ల, తప్పించుకుంది అదే మనిషి.

జోగినీ ఆచారం చూడండి. పసిపిల్లల్ని దేవత పేరు చెప్పి ముడి కట్టి ఊరి మగాళ్ల పాలు చేస్తే తరతరాలు దాన్ని ఆచారమన్నారు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆగలేదు. పాలమూరు వైపు ఊళ్లలో జాతర రోజున వెళ్లి, పిల్లని ముడుపు కట్టే ఇంటి ముందు కూర్చుని ఆపించినవాళ్లలో ఒకప్పుడు తామే జోగినులైన ఆడవాళ్లున్నారు. వాళ్లకి ఏ ఇంట్లో, ఏ రాత్రి, ఎవరు ఏర్పాట్లు చేస్తారో తెలుసు. ఆ తెలివిడి కలెక్టరాఫీసు ఫైళ్లలో దొరకదు. వాళ్లు కడుపులో దాచుకుని ఉంటే ఆ పిల్లలు ఏమయ్యేవారు మాస్టారూ?

మీరు బడి నడిపినవారు. మీ దగ్గర చదివినవాళ్లు ఎవరైనా ఇప్పుడు వచ్చి చెప్తే, ఎందుకు చెప్పలేదు అప్పుడు అని అడక్కండి. ఇప్పుడు చెప్పినందుకు మంచి పని చేశావు అనండి. మీ నోట ఆ మాట వస్తే దానికి ఉండే బరువు వేరు.

ప్రశ్న: మగపిల్లలకి జరిగితే ఎవరూ రాయరు. నాకు జరిగింది. 29 ఏళ్లు. హాస్టల్లో సీనియర్. ఒక సంస్థకి వాలంటీరుగా వెళ్తానంటే మహిళలకి మాత్రమే అన్నారు.

జవాబు: తమ్ముడూ, నీకు జరిగింది నిజం, అది నేరం, అందులో నీ తప్పు ఏమీ లేదు. ఇది ముందు.

ఆ 2007 అధ్యయనంలో వేధింపుకి గురయ్యామన్న పిల్లల్లో 52.94 శాతం మంది మగపిల్లలే. పోక్సోలో ఆడా మగా తేడా లేదు, పిల్లలంటే పిల్లలే. అయినా మన పోస్టర్ల మీద ఎప్పుడూ జడ వేసుకున్న పాప బొమ్మే ఉంటుంది. హాస్టల్లో పై మంచం మీద పడుకుని బిక్కుబిక్కుమనే పిల్లాడు ఆ బొమ్మలో తనని చూసుకోలేడు. ఆడవాళ్లకి మాత్రమే ఉన్న చోట్లు ఉండాలి, వాళ్ల భయాలు వాళ్లకుంటాయి, ఆ సంస్థ మీద కోపం పెట్టుకోకు. కానీ హాస్టళ్ల గురించి నిర్ణయాలు తీసుకునే చోట నీలాంటివాడు లేకపోతే, లైట్లు ఆర్పాక డార్మిటరీలో వార్డెన్ ఎక్కడుంటాడు, ర్యాగింగ్ అనే పేరు కింద ఏమేం కప్పేస్తారు అని ఎవరు అడుగుతారు? మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి, హాస్టళ్ల తనిఖీలకి సలహా ఇస్తానని అడుగు. నీ కథ చెప్పాలని లేదు. ఒక్కటి మాత్రం చూసుకో, ఆ పని మొదలుపెట్టాక నిద్ర పట్టకపోతే ఆపేయి, కౌన్సెలర్‌తో మాట్లాడు, కుదిరినప్పుడు మళ్లీ వెళ్లొచ్చు. సాయం చేయడం కోసం నువ్వు మళ్లీ విరగాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడు. ప్రాజెక్టు కోసం చిన్నప్పుడు ట్రాఫికింగ్‌కి గురై బయటపడ్డ ఐదుగురు ఆడవాళ్లతో మాట్లాడుతున్నాను. బాధితురాలు అని రాయాలా, సర్వైవర్ అని రాయాలా? ఇంటర్వ్యూలు తెలుగులో, రిపోర్టు ఇంగ్లిష్‌లో.

జవాబు: ఏ మాట వాడాలో ఆ ఐదుగురినే అడుగమ్మా. ఒకరికి బాధితురాలు అంటే కోర్టులో తన హక్కు గుర్తొస్తుంది, ఇంకొకరికి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. సర్వైవర్ అని పిలిపించుకోవడం కొందరికి ఇష్టం, ఇంకా బయటపడనే లేదు అప్పుడే ఆ పేరెందుకు అంటారు ఇంకొకరు. ఐదుగురికి ఐదు మాటలు వాడాల్సొస్తే వాడు, కారణం ఒక్క పేరాలో రాయి.

మాటలు చిన్న విషయం కాదు. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, చైల్డ్ పోర్నోగ్రఫీ అనే మాట కోర్టులు వాడొద్దని, దాన్ని పిల్లలపై లైంగిక దోపిడీ, అత్యాచారాల సామగ్రిగానే చెప్పాలని అంది. ఎందుకంటే ఆ మొదటి మాట వింటే పిల్ల ఏదో ఒప్పుకుని చేసినట్టుంటుంది. అలాంటి వీడియోల్లో ఉన్న పిల్లలు కొందరు పెద్దవాళ్లై, ఫీనిక్స్ 11 అనే గుంపుగా కూడి విదేశాల్లో ఇదే మాట మీద పోట్లాడుతున్నారు. తమ మీద జరిగిన నేరం తాలూకు బొమ్మ ఎవరో ఒకరు తెరిచిన ప్రతిసారీ నేరం మళ్లీ జరుగుతున్నట్టే అంటారు వాళ్లు. మన తెలుగు పేపర్లలో మృగాడు, కామాంధుడు అని రాస్తారు కదా, అది చదివి పిల్లలు కోరలున్నవాడి కోసం చూస్తారు. చాక్లెట్ తెచ్చే మావయ్య అందులో కనపడడు. శీలం పోయింది, జీవితం నాశనమైంది లాంటివి నీ రిపోర్టులో ఎక్కడా రానివ్వకు.

నీ రెండో మాటే నాకు ముఖ్యంగా అనిపించింది. వాళ్లు తెలుగులో చెప్తారు, నువ్వు ఇంగ్లిష్‌లో రాస్తావు, వాళ్ల గురించి ఏం రాశావో వాళ్లకి ఎప్పటికీ తెలియదు. అలా చేయొద్దు. అనువాదం మొత్తం కుదరకపోతే వాళ్ల గురించి ఉన్న పేజీలైనా తెలుగులో రాసుకుని వెళ్లి, ఒక్కొక్కరి దగ్గర కూర్చుని చదివి వినిపించు. ఇది తీసేయి అంటే అక్కడే, వాళ్ల ఎదుటే పెన్నుతో కొట్టేయి. తర్వాత మీ గైడ్ ఆ భాగమే బాగుంది, మళ్లీ పెట్టు అన్నా పెట్టకు. మార్కులు తగ్గితే తగ్గనీ, కారణం రాసి నాకు ఉత్తరం పంపు, ఇదే పేజీలో వేస్తాను.